నలభై గంటల నిపుణులు

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ ఆఫీసుల్లో వింత చదువుల సీజన్ మొదలవుతుంది. ఏడాది పొడుగునా తీరిక లేదన్నవాళ్లంతా ఒక్కసారిగా విద్యార్థులైపోతారు. ఒక స్క్రీన్ మీద అసలు పని. రెండో స్క్రీన్ మీద, సౌండు కట్టేసిన వీడియోలో, కోటు తొడుక్కున్న ఒకాయన చేతులు ఊపుతుంటాడు. కింద మూలన ‘నెక్స్ట్’ బటన్ బూడిద రంగులో ఉంటుంది. అది నీలంగా మారడం ఆలస్యం, మనవాడి మౌస్ అటు దూకి, ఓ నొక్కు నొక్కి, వెనక్కి వచ్చేస్తుంది. చివర్లో పరీక్ష. 80 శాతం వస్తే పాస్, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఆపాటి శ్రమ కూడా లేకుండా టీమ్ వాట్సాప్ గ్రూపులో జవాబులు ముందే దిగిపోతాయి: ‘1-సి, 2-బి, మిగతావన్నిటికీ పైవన్నీ’.

వీటికి లెర్నింగ్ అవర్స్ అని పేరు. మనిషికి ఏడాదికి 40 గంటలనుకోండి, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. గడువు దగ్గర పడితే మేనేజరుకి ఎర్రక్షరాల మెయిలు, ఆయన నుంచి మనకి అంతకంటే ఎర్రటి మెయిలు. పూర్తి చేస్తే బ్యాడ్జి. పురోహితుడు సంకల్పం చదువుతుంటే కర్త ఎటో చూస్తూ ‘మమ’ అన్నట్టు సాగే ఈ తంతుకి గొప్ప గొప్ప పరిశోధనల పేర్లు తగిలించడం దగ్గరే నాకు పేచీ.

మొదటి పేరు ఆండర్స్ ఎరిక్సన్. ఈ మనస్తత్వవేత్త 1993లో ఇద్దరు సహచరులతో కలిసి బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల సాధన మీద ఒక పత్రం వెలువరించాడు. అందులో ఉత్తమ శ్రేణి విద్యార్థులు ఇరవై ఏళ్లు వచ్చేసరికి సగటున 10,000 గంటలు ఒంటరిగా సాధన చేసినట్టు లెక్క తేలింది. 2008లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ ఆ అంకెను పట్టుకుని పుస్తకంలో సూత్రం చేసేశాడు. నా పరిశోధన చెప్పింది అది కాదు మొర్రో అని ఎరిక్సన్ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆయన చెప్పింది ఎలాంటి సాధన అన్నది: మనకి రాని చోటనే పట్టుకుని, తప్పు చూపించే గురువు ఉండగా, ఒళ్లు వంచి చేసేది. మన లెర్నింగ్ విభాగాలు అందులోంచి గంటల్ని మాత్రం ఏరుకున్నాయి, గురువుని వదిలేశాయి. పోనీ గంటల లెక్కే చూద్దాం. ఏడాదికి 40 చొప్పున 10,000 గంటలు పూర్తి కావాలంటే 250 ఏళ్లు. 1591లో చార్మినార్ నీడన కూర్చుని మొదటి మాడ్యూల్ తెరిచినవాడు, నాలుగో నిజాం హయాంలో 1841 నాటికి నిపుణుడై లేచేవాడు. అప్పటికి ఆ సాఫ్ట్‌వేర్ వెర్షన్ పాతబడి ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

రెండో పేరు డొనాల్డ్ కర్క్‌పాట్రిక్. శిక్షణ ఫలించిందో లేదో నాలుగు మెట్లలో చూడమని 1959లోనే చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకి ఒరిగిందేమిటి. మనవాళ్లు మొదటి మెట్టు మీదే మఠం వేశారు. మాదాపూర్‌లో ఏ స్టార్ హోటల్లోనో రెండు రోజుల వర్క్‌షాపు, మధ్యాహ్నం బిర్యానీ, డబుల్ కా మీఠా, సాయంత్రం బస్సు ఎక్కేముందు నవ్వు మొహాల ఫారం. కడుపు నిండినవాడు ఏడుపు మొహం మీద ఎందుకు టిక్కు పెడతాడు? ఆ మార్కులన్నీ వంటవాడికి పడాల్సినవి.

ఇక అసలు వినోదం ‘70-20-10’. పనిలో పడి నేర్చుకునేది 70 శాతం, తోటివాళ్ల నుంచి 20, క్లాసుల నుంచి 10 అని స్లైడు వెయ్యని ట్రైనింగ్ హెడ్ ఉండడు. ఈ సున్నాల వరస 1980లలో అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్‌లో జరిగిన పని నుంచి పుట్టింది. మీరెలా ఎదిగారని పెద్ద పెద్ద ఎగ్జిక్యూటివ్‌లని అడిగితే వాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పిన సంగతులు దానికి మూలం. ఎవరూ తూకం వేసి కొలిచింది కాదు. సరే, నిజమే అనుకుందాం. మరి బడ్జెట్టంతా ఆ 10కే ఎందుకు పోతోంది? 70కి పైసా లేదు, 20కి టైమ్‌షీట్‌లో గడి కూడా లేదు!

ఆ గడి లేని గంట ఎలా ఉంటుందో చూడండి.

“అన్నా, ఒక్క నిమిషం వస్తవా? బిల్డ్ ఫెయిలైతుంది, ఎందుకో సమజైతలేదు.”

“లాగ్ చూసినవా?”

“చూసిన. కింద ఎర్రగ ఏదో వస్తుంది, అర్థమే అయితలేదు.”

“కింద ఏముంటదిరా! పైకి పో. ఇంకా పైకి. ఆఖరి ఎర్రర్ కాదు, మొదటిది పట్టుకో. మిగిలినవన్ని దాని పిల్లలే.”

ఆ కుర్రాడు ఈ ముక్క జన్మలో మర్చిపోడు. కానీ నేర్పిన సీనియర్‌ని శుక్రవారం టైమ్‌షీట్ నిలదీస్తుంది: ఆ అరగంట ఏ ప్రాజెక్టు కింద వెయ్యాలి? బిల్లబుల్ కాదు. ట్రైనింగ్ కోడ్ ఉంది కానీ అది పోర్టల్లో నమోదైన కోర్సులకే. నేర్పినందుకు అతని యుటిలైజేషన్ తగ్గింది. రెండుసార్లు అలా తగ్గితే మూడోసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు.

జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త జిరాక్స్ కంపెనీలో కాపీ మెషీన్లు బాగుచేసేవాళ్ల వెంట తిరిగి, 1996లో పుస్తకం వేశాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ఒక దారిన ఉంటే మెషీన్లు ఇంకో దారిన చెడిపోయేవట. అసలు విద్య ఆ టెక్నీషియన్లు కూడినప్పుడు చెప్పుకునే కబుర్లలో ఉందని ఆయన తేల్చాడు. ఆయన్ని మైండ్‌స్పేస్ ఐటీ పార్కు గేటు బయట టీ బండి దగ్గర నిలబెడితే ఇంకో పుస్తకం రాసేవాడు. నిన్న రాత్రి రెండింటికి పేమెంట్లు ఎందుకు ఆగాయో, ఎవడు ఎలా లేపాడో అక్కడే తెలుస్తుంది. తీరా చూస్తే సర్వర్ మీద సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉంటుంది. టీమ్‌లో అందరి ప్రొఫైళ్లలోనూ సర్టిఫికెట్లు మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

ఇంతా చేసి మన కంపెనీలవాళ్లే కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట పేరెత్తితే ముక్కు విరుస్తారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో, వైటుకే భయం పుణ్యమా అని, మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బోర్డులతో అమీర్‌పేట కళకళలాడింది. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల వ్యాపారం అక్కడ నడిచిన మాట నిజమే, దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ మైత్రీవనం దగ్గర క్లాసుకి కూర్చున్న కుర్రాడు సొంత డబ్బు కట్టేవాడు. ముందు ఫ్రీ డెమో వినేవాడు. సార్‌కి సబ్జెక్టు లేదని తేలితే మర్నాడు పక్క సందులో ఇన్‌స్టిట్యూట్‌కి మారిపోయేవాడు, బెంచీలు ఖాళీ అయ్యేవి. ఖాళీ బెంచీకి మించిన ఫీడ్‌బ్యాక్ ఫారం ఏముంటుంది? హైటెక్ సిటీలో ఆ అవకాశం లేదు. వీడియో ఎంత చప్పగా ఉన్నా పూర్తి చేసినవాళ్లు నూటికి నూరు!

ఇప్పుడు కొత్తగా ఏఐ కోర్సు అందరికీ తప్పనిసరైంది. దానికీ వీడియోలే, దానికీ బ్యాడ్జే. అటుపక్క ఫ్రెషర్లు చేతులు కాల్చుకుని నేర్చుకునే చిన్న చిన్న బగ్గులన్నీ ఏఐకి అప్పగించేస్తున్నారు. స్లైడులో 70 శాతం అన్నది ఆ బగ్గుల గురించే కదండీ మరి? అవి పోయాక ఇవాళ్టి ఫ్రెషర్ పదేళ్లకి సీనియర్ ఎలా అవుతాడో ఏ స్లైడులోనూ లేదు.

టైమ్‌షీట్‌లో ‘పక్కవాడికి నేర్పాను’ అని ఒక్క గడి పెంచమంటే, ‘క్లయింట్ డబ్బులివ్వడండీ’ అంటారు. ఆ 40 గంటల వీడియోలకి మాత్రం క్లయింట్ ఇస్తున్నాడా? కంపెనీ జేబులోంచే పోతోంది. ఆ డబ్బుతోనే ప్రతి సీనియర్ దగ్గరా వారానికో గంట కొనండి. కొన్నాక, ఆ గంటలో ఎలా నేర్పాలో నేర్పడానికి మళ్లీ ఓ వర్క్‌షాపు మాత్రం పెట్టకండి.