ఓబులేసు కొడుకు నరసింహులు, నరసింహులు కొడుకు ఓబులేసు

నంద్యాలలో పెళ్లికి పోతే ఆయన కనిపించక తప్పదు. జనమంతా వేదిక దిక్కు చూస్తుంటే ఆయన భోజనాల హాలు గుమ్మం దగ్గర కాపు కాస్తాడు. చేతులు కడుక్కొని వచ్చే ముసలివాళ్లు తప్పించుకోలేని చోటు అదొక్కటే. చంకలో చుట్టిన డ్రాయింగు షీట్లు, జేబులో మూడు రంగుల పెన్నులు. రిటైరైన హెడ్మాస్టరు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వంశవృక్షం సారంటే చాలు.

"అవ్వా, మీ జేజినాయన పేరేమి?" అంటాడు.

అవ్వ తాంబూలం సంచి వెనక్కి పెట్టుకుంటుంది. "యాల నాయనా? భూమి ఏమన్నా అమ్ముతాండారా?"

అవ్వను తప్పుపట్టలేం. మన సీమలో వంశవృక్షం వీఆర్వో సంతకం కోసం పుడుతుంది, కోర్టు ఫైల్లో పెరుగుతుంది. తండ్రి పోయినప్పుడు పాసుపుస్తకం పేరు మార్చాలన్నా, అన్నదమ్ములు పాళ్లు పంచుకోవాలన్నా దాని అవసరం. ఎవడన్నా ఊరికే వచ్చి తాతల పేర్లు అడిగితే వాడి వెనక ఏదో సర్వే నెంబరు ఉండే ఉంటుంది. కేవలం పిల్లలు తెలుసుకోవాలని అడుగుతున్నానంటే నమ్మేంత అమాయకులు ఆళ్లగడ్డ చుట్టుపక్కల లేరు.

పేర్లు చెప్పినా సుఖం లేదు. అహోబిలం స్వామి పక్కనే ఉన్నాడు. కనుమతో మొదలయ్యే పార్వేట ఉత్సవానికి పల్లకి ఎక్కి పల్లెపల్లెకూ వస్తాడు. కాబట్టి మగపిల్లవాడు ఓబులేసు, కాకపోతే నరసింహులు. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. సారు చార్టులో ఓబులేసు కొడుకు నరసింహులు, ఆయన కొడుకు ఓబులేసు, ఆయన కొడుకు నరసింహులు. ఒకే ఇంట్లో పెద్దోబులేసు, నడిపోబులేసు, చిన్నోబులేసు. ఆళ్లగడ్డ దగ్గరి సొంతూళ్లో ఎవరో "ఓబులేసు పొలం కాడ కొట్లాడినాడంట" అంటే సారు మూడు రోజులు నిద్రపోలేదు, ఏ ఓబులేసు అని.

తారీఖులు అంతకంటే ఘోరం. మనవాళ్లు పుట్టిన ఏడు చెప్పరు, కరువు చెబుతారు. "ధాత కరువు నాటికి ఆయన నడిచే పిల్లోడు." ఆ ధాత నామ సంవత్సరం 1876లో వచ్చింది. అరవై ఏళ్లు తిరిగి 1936లో మళ్లీ వచ్చింది. ఎవరు ఏ ధాత చెప్పారో చూసుకోకుండా రాసినందుకు ఒక కొమ్మలో మనవడు తాతకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడయ్యాడు. ఆ చోట అట్ట ముక్క అంటించి ఉంది. ఎత్తి చూడనివ్వడు.

2019లో సైరా సినిమా వచ్చాక బంధువుల్లో కొత్త ఉత్సాహం పుట్టింది. తెల్లదొరల మీద దండు కట్టిన ఆ సినిమా వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ దండులో ఉండని ముత్తాత ఈ ప్రాంతంలో ఇప్పుడు ఎవరికీ లేడు. ఆనాడు ఇంటిపట్టున ఉండి సేద్యం చేసుకున్నవాడు ఒక్కడన్నా లేకపోతే ఇంతమందికీ జొన్నలు ఎవరు పండించారో తెలియదు. "మన ముత్తాతను కూడా రాయి మామా" అని సారు మీద ఒత్తిడి. ఆయన ఆధారం కావాలన్నాడు. వెతగ్గా వెతగ్గా ముత్తాత పేరుతో దొరికింది ఒకటే, అప్పుపత్రం. దాన్ని లామినేషన్ చేయించాడు. మరి తీర్చినారా అని అడిగితే, జీవితంలో మొదటిసారి, "పాత సంగతులు ఇప్పుడెందుకబ్బా" అన్నాడు.

వంశాలు చెప్పుకుంటూ తిరిగే వంశరాజుల కులపాయన ఒకడు కోతలప్పుడు వచ్చి సారు వాళ్ల గోత్రం, ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆధారమేమని ఆయన్నీ అడిగాడు సారు. "మీ ముత్తాత మా ముత్తాతకు కోడెదూడ ఇచ్చినాడు సామీ. మేం మర్చిపోల్యా. మర్చిపోయినోళ్లే రాసుకుంటారు." సారు దాన్నీ రాసుకున్నాడు.

ఇన్నింటినీ తట్టుకున్న మనిషి ఎర్ర పెన్ను దగ్గర చిక్కుకున్నాడు. ఎర్ర సిరా ఆడపిల్లల కొమ్మలకు. మునుపు మన వంశవృక్షాల్లో ఆడబిడ్డలను మరిచిపోయి రాసేవాళ్లు కాదు. 1985 తర్వాత గుర్తుపెట్టుకొని మరీ రాయడం మానేశారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం తెచ్చి, ఆ ఏడు సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగవాళ్లతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటా ఇచ్చింది. సారు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో పెద్దక్క పేరు రాసి, పెళ్లి ఎప్పుడైందని తమ్ముళ్లను అడిగాడు.

"84లో" అన్నాడు పెద్ద తమ్ముడు, ప్రశ్న పూర్తి కాకుండానే.

"86 నాయనా, నాకు తెలీదా నా పెళ్లి?" అంది అక్క. "ఇందిరమ్మ చచ్చిపోయిన మరుసటేడే కదా నన్ను చూడ్డానికి వచ్చింది!"

పిల్ల పెళ్లి ఏనాడు అయ్యిందో పట్టించుకోని ఇంట్లో ఇప్పుడు లగ్నపత్రిక కోసం బీరువాలు బోర్లించారు. పెళ్లి ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంది, తారీఖు దగ్గర నూనె మరక. ఎవరి వేలిదో ఆ మరక, ఇంకా తడిగానే ఉంది. వాట్సాప్ గ్రూపు నుంచి ఇద్దరు బావలు వెళ్లిపోయారు. సారు మాత్రం చార్టు మీద రెండు సంవత్సరాలూ పెన్సిల్‌తో రాసి, "చరిత్రలో ఇట్లాంటివి సహజం" అన్నాడు.

కాగితమైతే చెదలు తింటుందని ఆయనకు చివరికి తోచిన ఉపాయం రాయి. రాతిశిల్పాలకు ఆళ్లగడ్డ పేరుమోసిన ఊరే. నల్లబండ మీద చెట్టంతా చెక్కించి ఊరి రచ్చకట్ట దగ్గర నిలబెడదామని అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. వారం తిరక్కముందే శిల్పి ఫోను.

"సారూ, ఓబులేసులు అందరినీ చెక్కేసినా. ఇక మీ అక్క పేరు కింద 84 వేయమని ఒకాయన ఫోన్ చేసినాడు, 86 వేయమని ఒకామె చేసింది. రాయి మీది, ఏదన్నా చెక్కుతా. రేపు కోర్టుకు మాత్రం నన్ను పిలవొద్దు."