మీరు బతికి ఉన్నందుకు మన్నించాలి, సుబేదారు గారూ!

జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం. 1953లో కరియప్ప ఆ రోజే సర్వసేనాధిపతిగా రిటైరయ్యారు కాబట్టి ఢిల్లీ వాళ్లు ఆ తేదీ ఖాయం చేశారు. మనకేమో ఆ రోజు భోగో, సంక్రాంతో. భీమవరం వైపు బరిలో దిగిన డేగ పుంజుకు వచ్చినంత జనం, 1971లో తూర్పు సరిహద్దున దిగిన సుబేదారు గారికి ఎక్కడ నుంచి వస్తారు చెప్పండి?

అందుకని మనం ఆయన్ని పంద్రాగస్టుకి పిలుస్తాం. ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే గారు నిలువెత్తున ఉంటారు, సుబేదారు గారు పాస్‌పోర్టు సైజులో ఓ మూలన. మైకు పట్టుకున్న కుర్రాడు ఆయన్ని 'కార్గిల్ వీరుడు' అంటాడు. కార్గిల్ నాటికి ఆయన మనవణ్ణి ఎత్తుకుని తిరుగుతున్నారు. శాలువా కప్పుతారు, ఫొటో సరిగ్గా పడలేదని తీసి మళ్లీ కప్పుతారు. ఆయన రెండు ముక్కలు మాట్లాడబోతే టైము అయిపోతుంది.

వేదిక దిగాకే అసలు మర్యాద. "బాబాయ్, ఈ నెల క్యాంటీన్ సరుకు తెచ్చావా?" అంటూ నలుగురు చుట్టుముడతారు. ఆయన దేశసేవను నెలనెలా తలుచుకునేది వాళ్లొక్కరే. నిజంగా మెచ్చుకోవాలి.

ఇక సర్కారువారి గౌరవం. తాను బతికే ఉన్నానని ఆయన ఏటా వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాలి. శత్రువు మీద ట్రిగ్గర్ నొక్కిన వేలే అది, అయినా మీసేవ యంత్రం గుర్తుపట్టదు. 'ఒకే ర్యాంకు - ఒకే పింఛను' 2015లో ప్రకటించారు. 2019 జులై నుంచి రావలసిన సవరణ బకాయిల కోసం 2023 మార్చిలో సుప్రీంకోర్టు గడువులు పెట్టాల్సి వచ్చింది. డెబ్బై దాటినవారికి అదే ఏడాది జూన్ ఆఖరుకల్లా ఇమ్మంది, మిగతావారిలో చాలామందికి 2024 ఫిబ్రవరి దాకా వాయిదాల్లో. ముసలితనం కూడా ఒక అర్హతేనని అప్పుడు తెలిసింది.

అమరుడికైతే ఈ తిప్పలేవీ లేవు. విగ్రహాన్ని ఎవరూ లైఫ్ సర్టిఫికెట్ అడగరు, అది ఆఫీసు మెట్లెక్కదు. బతికొచ్చినవాడే అందరికీ ఇబ్బంది.

సైనికుడని ఇచ్చిన భూమి సంగతి సరేసరి. మనవరాలి పెళ్లికి అమ్ముదామని వెళితే ఆ సర్వే నంబరు 22ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందంటారు. ఎవరు చేర్చారంటే కంప్యూటరే అంటారు. సరిహద్దులో చొరబాటుదారుడెవరో ఆయనకు తెలిసేది, ఇక్కడ ఎవరో అంతుపట్టడం లేదు.

తహసీల్దారు గారూ, ఈసారి శాలువా మీ దగ్గరే ఉంచుకుని, ఆ సర్వే నంబరును జాబితాలోంచి తీయించండి.