కారేది ఇక్కడ, కన్నం ఇంకెక్కడో

భిలాయిలో ఇనుముకి లోటు లేదు. ఇనుము గురించి చెప్పేవాళ్లకి అసలే లోటు లేదు. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి, ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరి, ఇక్కడే రిటైరైన మనవాళ్లు ఏ వీధిలో చూసినా ఉంటారు. ఈ ప్లాంటు 260 మీటర్ల పొడవున పట్టాలు అతికి రైల్వేకి పంపిస్తుంది. అలాంటి ఊళ్లో మా బావమరిది టిఫిన్ బండి మీద నాలుగు మీటర్ల రేకుని నీళ్లు కారకుండా అతకడం ఇంతమంది పెద్దల వల్ల కాలేదు.

బండి అంటే తోపుడు బండి కాదు. పాత టాటా 407 మీద చెక్క ఫ్రేము కట్టి, అల్యూమినియం రేకులు తొడిగిన డబ్బా. ఇలాంటిదాన్లోనే ఏసీ పెట్టుకుని సినిమావాళ్లు కారవాన్ అంటారు. మావాడు ఇడ్లీ కుక్కరు పెట్టుకుని, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారే వేళకి గేటు ముందు ఆపుకుంటాడు. ఎండాకాలమంతా బండి రాజాలా నడిచింది. జూన్‌లో తొలకరి పడగానే పైనుంచి చుక్క రాలింది, అదీ సరిగ్గా సాంబారు గిన్నెలోకి. సాంబారు పల్చబడిందని ఎవరూ అనలేదు. అది వేరే సంగతి.

చుక్క వెనకే పెద్దలూ వచ్చారు. కోక్ ఓవెన్స్‌లో చేసిన బాబాయ్ "తారు పుయ్యరా, చచ్చినా కారదు" అన్నారు. బొగ్గు కాల్చి తారు తీసే డిపార్ట్‌మెంటు మరి! రైల్ మిల్లు పెదనాన్న "వెల్డింగ్ పెట్టించు" అన్నారు. రేకు కింద ఎండిన చెక్క ఉంది పెదనాన్నా అంటే, "అయితే జాగ్రత్తగా పెట్టించు" అన్నారు. ఫర్నేసుల్లో ఇటుక పేర్పించిన మావయ్య మాత్రం ఏదో అనబోయి ఆగిపోయారు. ఏమనబోయారో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. మా ఆవిడ సాంబారు పక్కకి జరిపి, ఆ చోట ఖాళీ గిన్నె పెట్టి, "తమ్ముడూ, దీన్ని కదపకు" అంది. అన్ని సలహాల్లోనూ పనిచేసింది అదొక్కటే.

మా బావమరిది ఎవరినీ నొప్పించే మనిషి కాదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరి మాటా విన్నాడు. కింద వెల్డింగ్‌కి బదులు ఎపాక్సీ ముద్ద, దానిమీద తను కొన్న సిలికాన్, ఆపైన బాబాయ్ చెప్పిన తారు. మర్నాడు ఎండ కాసింది. తారు మెత్తబడి, అంచు దిగి, బండి మీద రాయించిన 'వేడి వేడి ఇడ్లీ'లో ఒక వేడిని మింగేసింది. సాయంత్రం వాన పడితే చుక్క మళ్లీ అదే గిన్నెలో పడింది.

చివరికి హథ్‌ఖోజ్‌లోనే, బండ్లకి బాడీలు కట్టే ఒక షెడ్డుకి తోలుకెళ్లాం. అక్కడి మిస్త్రీ చుక్క పడే చోటు వైపు కన్నెత్తి చూడలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి ముందువైపు మూల పట్టుకున్నాడు. నీళ్లు అక్కడ ఒక రివెట్టు పక్కన దూరి, రేకు కింద చెక్క వెంబడే నడిచొచ్చి, వెనకాల సాంబారు దగ్గర దిగుతున్నాయి. దుర్గ్‌లో ఎక్కి రాయ్‌పూర్‌లో దిగే ప్రయాణికుడి కోసం మేమంతా రాయ్‌పూర్‌ స్టేషనే తవ్వుతున్నామన్నమాట. మిస్త్రీ ఆ మూల చెక్కకి స్క్రూడ్రైవరు ఆనించి నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది. ఇంగ్లండులోనూ పాత కారవాన్లకి ఇదే రోగం. అక్కడివాళ్లు ఏటా గోడలకి తేమ మీటరు ఆనించి చూపించుకుంటారు. మనకి స్క్రూడ్రైవరే మీటరు.

తప్పు రేకుది కాదు. నాలుగు మీటర్ల అల్యూమినియం 40 డిగ్రీల తేడాకి మూడున్నర మిల్లీమీటర్లకి పైనే సాగుతుంది. మే నెల మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకీ మధ్య భిలాయి ఎండలో రేకుకి ఆ తేడా సునాయాసంగా వస్తుంది. ఎపాక్సీ రాయిలా బిగుస్తుంది కాబట్టి, రేకు కదలగానే చిట్లుతుంది. సిలికాన్ సాగుతుంది గానీ, పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. పైగా మావాడు కొన్నది వెనిగర్ వాసన కొట్టే రకం. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం లోహాన్నే కొరుకుతుంది. అంటే కన్నం మూయమని పెట్టిన మనిషే లోపల కన్నం వేస్తున్నాడు.

మిస్త్రీ చేసిన పనిలో ముప్పాతిక వంతు గీకడమే. బాబాయ్ తారు, దాని కింద సిలికాన్, దాని కింద ఎపాక్సీ, పొరలు పొరలుగా మా చుట్టరికాలన్నీ రాలాయి. అంచు పట్టీ విప్పి, కుళ్లిన చెక్క కోసి, కొత్తది వేసి, థిన్నర్‌తో తుడిచాడు. పట్టీ కింద బ్యూటైల్ టేపు పరిచి స్క్రూలు బిగిస్తుంటే, ఆ నల్లటి జిగురు రెండు పక్కలా సన్నటి తాడులా ఉబికింది. ఉబకని చోటల్లా ఆగి, స్క్రూ ఇంకో అరచుట్టు తిప్పాడు. బండిలో ఎక్కడెక్కడ సందు కనిపిస్తే అక్కడ, అడక్కుండానే, పాలీయురేథేన్ సీలెంటు పట్టించాడు. పైపు పెట్టి నీళ్లు కొడితే లోపల చెమ్మ లేదు. గిన్నె ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు చినుకు లేదు, మబ్బు లేదు. మావాడు ఇడ్లీ కుక్కరు మూత తీశాడు. కాసేపటికి సాంబారులో చుక్క! పైకి చూస్తే కప్పంతా ముత్యాల పందిరి. ఇన్నాళ్లూ సందుల్లోంచి పోయే ఆవిరికి ఇప్పుడు పోవడానికి దారి లేదు. పైకెళ్లి చల్లటి రేకుకి తగిలి నీళ్లై కిందకి దిగుతోంది.

బండిని మళ్లీ షెడ్డుకి తోలాం. మిస్త్రీ చూసి, కప్పు మధ్యలో గుండ్రంగా కోసి, దానిమీద గొడుగున్న వెంటిలేటరు బిగించాడు. పాత కన్నాలన్నీ మూసినందుకు తీసుకున్న దానికంటే కొత్త కన్నం ఒక్కటి పెట్టినందుకే ఎక్కువ పుచ్చుకున్నాడు.