గాజులోన గురువు (టీకా తాత్పర్య విశేష సహితం)

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మన మెదక్ సీమ కొలిచెలమవాడు, వ్యాఖ్యాతల్లో మేటి. ఆ ప్రతిజ్ఞ ఆయనకు చెల్లింది. ఆయన చేతికొచ్చిన మూలాలు కాళిదాసువి, భారవివి. నా చేతికొచ్చింది నేనే కట్టిన ఒక ఆటవెలది. అందులో ఉన్నది తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. కాబట్టి ఆ నియమాలు రెండింటినీ యథాశక్తి ఉల్లంఘిస్తాను. మూలకర్తా వ్యాఖ్యాతా ఒకరే అయినా ఇకమీదట మూలకర్తను 'కవి' అనే పిలుస్తాను. ఇంట్లో ఎవరూ అలా పిలవరు గనక.

సందర్భం ఇది. కవి హైదరాబాదులో, మూడో అంతస్తు ఫ్లాటులో, డైనింగ్ టేబులు ఒక కొసన కూర్చుని జపనీయుల కుంచెరాత నేర్చుకుంటున్నాడు. దాన్ని వాళ్లు 'షొదో' అంటారు. 'షొ' అంటే రాత, 'దో' అంటే దారి. గురువుగారు నారా నగరంలో ఉంటారు. మధ్యలో ఉన్నది ఇంటర్నెట్టు. జపాను గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. ఆదివారం ఆవిడకు ఉదయం 9 గంటలైతే కవికి 5:30.

మూలం

కలము కాదు, కుంచె, గాజులోన గురువు
తెల్లవారకుండ తెరచె గదిని
నోరు మూసి చేయి నొక్కి రాయు మనుచు
దిద్దరాదు గీత తిరిగి యనుచు

ప్రతిపదార్థం

కలము కాదు = పెన్ను కానే కాదు; కుంచె = (చేతిలో ఉన్నది) వెంట్రుకల కుంచె; గాజులోన = ల్యాప్‌టాప్ తెర లోపలి; గురువు = సెన్సెయ్; తెల్లవారకుండ = పాలప్యాకెట్టు ఇంకా గుమ్మానికి చేరకముందే; నోరు మూసి = మైకు మ్యూట్‌లో పెట్టి; చేయి నొక్కి = (ఇది కఠినం, విశేషాల్లో చూడుడు); రాయుమనుచు = రాయవయ్యా అంటూ; గీత = ఒకసారి పడిన గీతను; తిరిగి = రెండోసారి; దిద్దరాదనుచు = ముట్టుకోవద్దంటూ; గదిని = లింకు నొక్కితే తెరుచుకునే గదిని; తెరచె = తెరిచెను.

'రాయుము' అన్నచోట 'వ్రాయుము' అని పాఠాంతరం. కవికి హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు బతికుంటే ఆ పాఠమే నిలబెట్టేవారు. 'తిరిగి యనుచు' అన్నచోట క్త్వార్థపు ఇకారానికి సంధి లేదు కాబట్టి యడాగమం శాస్త్రసమ్మతం. పాలప్యాకెట్టు మాత్రం వ్యాఖ్యాత సొంత పైత్యం.

తాత్పర్యం

ఆదివారం కూడా నిద్రలేదు.

విశేషాలు

'కలము కాదు, కుంచె' అన్నారు కదా, ఇది అపహ్నుతి అలంకారమని తొందరపడరాదు. అపహ్నుతిలో ఉన్నదాన్ని లేదని బుకాయిస్తారు. ఇక్కడ నిజంగానే కలం కాదు. అసలు తెలుగు చెయ్యి గంటంతో, తాటాకు మీద పెరిగింది. గంటం ఆకును గీరుతుంది, గీరిన గాడిలో తరవాత మసి పూస్తారు. అక్కడ గీతకు లావూ సన్నమూ లేవు, ఉన్నదంతా వంపులోనే. కుంచెకు ప్రాణం సరిగ్గా ఆ లావుసన్నాల్లో ఉంది. కవి కుంచె హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని కుమానో అనే ఊళ్లో తయారైంది. జపాన్‌లో కుంచెలకు పెట్టింది పేరు ఆ ఊరు. కొత్తలో గంజి పెట్టిన కాలరులా బిర్రుగా ఉంటుంది. లావు కుంచెనైతే వేళ్లతో మెల్లగా నలిపి మొదలుదాకా విప్పాలి, సన్న కుంచెకు కొస మాత్రమే విప్పాలి. కవి తెలియక సన్నదాన్నీ మొదలుదాకా విప్పేశాడు. అది ఇప్పుడు హార్మోనియం మీద దుమ్ము దులపడానికి పనికొస్తోంది.

కుంచె, సిరాకడ్డీ, సానరాయి, కాగితం, ఈ నాలుగింటినీ నాలుగు నిధులంటారు. సిరాకడ్డీకి పేరుపడ్డది గురువుగారి ఊరే. నూనె దీపాల మసిని, జంతువుల జిగురుతో, కాస్త సుగంధంతో పిసికి అచ్చుల్లో నొక్కుతారు. ఎండకాలం జిగురు పాడవుతుందని ఆ పని చలికాలంలోనే సాగుతుంది. సానరాయి మీద ఎత్తుగా ఉన్న భాగం పేరు 'భూమి', పల్లంగా ఉన్నది 'సముద్రం'. భూమి మీద నీటిబొట్టు వేసి కడ్డీని మెల్లగా అరగదీస్తే సిరా సముద్రంలోకి జారుతుంది. చందనం తీసినట్టే. వినడానికి ఎంత బాగుందో! కవి మాత్రం సీసాలో దొరికే రెడీమేడ్ సిరా వాడతాడు. జపాన్ బడిపిల్లలూ అదే వాడతారు కాబట్టి పెద్ద దోషం కాదు. మే నెలలో సముద్రం ఎండిపోతోందని ఫ్యాను ఆపితే చెమట కాగితం మీద పడుతుంది, ఫ్యాను వేస్తే కాగితమే సోఫా కిందికి పోతుంది.

'గురువు'. ఈ మాటకు పరంపర చెప్పకపోతే వ్యాఖ్య పరిపూర్ణం కాదు. జపాన్ కుంచెరాతలో 'మూడు కుంచెలు' అని పేరుబడ్డవాళ్లు ముగ్గురు: సగా చక్రవర్తి, తచిబానా నో హయనారి, కూకాయ్ (774–835). ఈ కూకాయ్ బౌద్ధ సన్యాసి. 804లో చైనా వెళ్లి, సంస్కృతమూ మంత్రశాస్త్రమూ నేర్చుకుని, 806లో తిరిగొచ్చి షింగోన్ శాఖ స్థాపించాడు. ఆ శాఖ గురుపరంపరలో మన కృష్ణాతీరపు కొండకు పేరిచ్చిన నాగార్జునుడున్నాడు. మరొకటి. జపాన్ పిల్లలు ఇవాళ్టికీ అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలుపెట్టి, క, స, త, న, హ, మ, య, ర, వ అని వల్లె వేస్తారు. బౌద్ధుల సిద్ధం లిపి చదువుతో అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమమే దీనికి మూలం. మొదటి క్లాసులో కవి ఈ సంగతి చెప్పి గురువుగారిని మెప్పించబోయాడు. అప్పటికి మైకు మ్యూట్‌లో ఉంది.

'నోరు మూసి' అన్నదానికి అదే ఉదాహరణ. రెండో క్లాసు మధ్యలో వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. గురువుగారు కుంచె ఆపి, రైలు స్టేషను దగ్గరా మీ ఇల్లు అని అడిగారు. ఆ రోజు నుంచి ఈ నియమం.

'చేయి నొక్కి'. పద్యానికి ప్రాణం ఇక్కడుంది, చిక్కూ ఇక్కడే ఉంది. మ్యూట్ మీట నొక్కడమని కొందరు అన్వయిస్తారు (కవిగారి తమ్ముడు). అది అన్వయక్లేశం. ఇక్కడ నొక్కడమంటే కుంచె మీద పడే బరువు.

మొదటి మూడు నెలలూ కవి రాసింది ఒకే అక్షరం. 'ఇచి', అంటే ఒకటి. ఒక అడ్డగీత, అంతే. కుంచె మొన ఎడమవైపు ఏటవాలుగా దింపాలి. ఒక్క క్షణం ఆగాలి. అక్కడి నుంచి కుడివైపుకు, పిసరంత ఎగువకు ఎక్కుతున్నట్టు నడవాలి. చివర మళ్లీ ఆగి, కాస్త ఒత్తి, వచ్చిన దారిలోకి మళ్లి పైకి లేవాలి. బాగా వస్తే రెండు కొసలా కణుపులున్న వెదురు ముక్కలా ఉంటుంది. కవికి వచ్చింది వంకాయ. గురువుగారు తెరలో రాసి చూపిస్తే అంతా కనిపిస్తుంది: కోణం, దారి, ఆగిన చోటు. ఎంత బరువు పెట్టారో మాత్రం కనిపించదు.

ఈ విద్యకు పాతపేరొకటి ఉంది, 'జుబొకుదో', అంటే చెక్కలోకి దిగే దారి. నాలుగో శతాబ్దపు చైనా కుంచెరాత చక్రవర్తి వాంగ్ షీజీ చెక్కపలక మీద రాస్తే, వడ్రంగి ఎంత చిత్రిక పట్టినా సిరా లోపలికి దిగే ఉందట. కథే అనుకోండి, కానీ పేరు నిలిచింది దాని మీదే. చెక్కలోకి దిగే విద్యను గాజులోంచి నేర్పాలి. అదీ గురువుగారి కష్టం. ఎదురుగా ఉంటే ఆవిడకు చిటికెలో పని. వెనక నిలబడి, శిష్యుడి చేతినీ కుంచెనూ కలిపి పట్టుకుని, ఒక్కసారి తనే రాస్తారు. బరువు ఎంతో చేతికి తెలిసిపోతుంది. మనకిది కొత్తా? బియ్యం పళ్లెంలో వేలు పట్టి ఓనమాలు రాయించింది అలాగే కదా. ఆ ఒక్క పని ఇంటర్నెట్టుకు చేతకాదు.

నాలుగో నెలలో గురువుగారికి ఒక ఉపాయం తట్టింది. వంటింటి డిజిటల్ తూకం తెమ్మన్నారు. ఆవిడా ఒకటి తెచ్చుకున్నారు. తూకం మీద చిన్న ఫెల్టుగుడ్డ, దాని మీద కాగితం ముక్క. ఆవిడ కుంచె దించగానే 40 గ్రాములు చూపింది. కవి దించాడు: 210. ఆవిడ పకపకా నవ్వి, కాగితం తిప్పి చూపించమన్నారు. వెనకంతా నల్లగా ఇంకిపోయి ఉంది. "ఇది బలం కాదు, సిరా ఎక్కువైంది" అన్నారు.

కవి పట్టుదల గలవాడు. వారమంతా తూకం మీదే సాధన చేసి, మొదటి నుంచి చివరిదాకా కచ్చితంగా 40 దగ్గర నిలబెట్టాడు. గీత చచ్చిన చేపలా పడింది. ఆదివారం ఆవిడ మళ్లీ రాసి, ఈసారి కాగితాన్ని కాక అంకెనే చూడమన్నారు. అంకె ఎక్కడా ఆగలేదు. దిగేటప్పుడు పెరిగింది, నడిచేటప్పుడు పడిపోయింది, చివర మళ్లీ లేచి సున్నాకు జారింది. 'నొక్కి' అన్న క్రియకు అదీ అర్థం. నొక్కి ఉంచడం కాదు, నొక్కి వదలడం. మూడు నెలలు మూలం చదివినా కవికి తన పద్యంలోని మాటే అర్థం కాలేదన్నమాట.

ఇదంతా చూస్తూ వెల్లుల్లి వలుస్తున్న కవిగారి అమ్మ, "ముగ్గుపిండి వదిలినట్టు వదలరా నాయనా, పిసుకుతావేం?" అంది. ఇది శాస్త్ర ప్రమాణం కాదు, లోకవ్యవహారం. అయినా ఆ పూట పనిచేసింది.

శంక, సమాధానం

ఇక నాలుగో పాదం. తెలుగువాడికి ఇక్కడ తీరని సందేహం పుడుతుంది. మనకు చదువు మొదలయ్యేదే దిద్దడంతో. పలక మీద నాన్న రాసిన 'అ' మీద బలపంతో దిద్ది దిద్ది, అది వంకాయంత లావైతేగాని అక్షరం వచ్చినట్టు కాదు. దిద్దరాదంటే రాత ఎలా వస్తుంది? ఇది శంక.

సమాధానం: 'దిద్దు' మనకు ఒకే మాటగాని, అందులో పనులు రెండు. ఉన్నదాని మీద మళ్లీ గీయడం ఒకటి, తప్పును సరిచేయడం ఒకటి. గురువు మాదిరి రాసిస్తే శిష్యుడు దాన్ని పక్కన పెట్టుకుని చూసి రాయాలి తప్ప, తన గీత మీద తనే మళ్లీ కుంచె పెట్టకూడదు. పెడితే దొరికిపోతాడు. తడి మీద తడి పడినచోట కాగితం వేరే నలుపు చూపిస్తుంది. ఇక సరిచేసే హక్కు గురువుది, అదీ ఎర్రసిరాతో. కవి తన కాగితాలు ఫోటో తీసి పంపితే ఆవిడ టాబ్లెట్ మీద ఎరుపు గీసి తిప్పి పంపుతారు. బాగుంటే చుట్టూ పువ్వు రేకులు గీస్తారు. దాని పేరు 'హనమారు', పూలసున్నా. సున్నా వస్తే సంబరపడే చదువు ఇదొక్కటే.

మళ్లీ శంక: మరి కూకాయ్ దిద్దలేదా? క్యోటో రాజప్రాసాదపు ఓతెన్ ద్వారానికి ఆయన ఫలకం రాశాడు. పైకెక్కించాక చూస్తే ఒక అక్షరంలో చుక్క లేదు. కిందనుంచి కుంచె విసిరి ఆ చుక్క పెట్టాడని కథ. కూకాయ్ కుంచె కూడా తప్పుతుందని అక్కడ సామెతే ఉంది.

సమాధానం: ఆయన చేస్తే ఆర్షప్రయోగం. కవి కూడా ఒకసారి విసిరి చూశాడు. ఆ చుక్క ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఫలశ్రుతి

ఎనిమిది నెలలకు కవి 'ఏయ్' అనే అక్షరానికి చేరాడు. అంటే శాశ్వతం. ఐదు గీతల్లోనే ఎనిమిది రకాల కుంచె కదలికలు ఇమిడి ఉన్నాయని దాన్ని పాఠంగా పెడతారు. 353లో వాంగ్ షీజీ రాసిన ప్రసిద్ధ ప్రస్తావన మొదలయ్యేది ఆ అక్షరంతోనే. కవి ఇప్పటికి రెండు వందల పైచిలుకు కాగితాల మీద శాశ్వతం రాశాడు. పూలసున్నా ఒక్కదానికే వచ్చింది, అదీ మూడో గీతకు మాత్రమే.

జపాన్ కాగితం కట్ట ఖరీదు చూసి గురువుగారే, సాధనకు పాత వార్తాపత్రికలు చాలన్నారు. సిరా వాటిలోకి బాగానే ఇంకుతుంది. మా ఇంట్లోవి అయిపోయాయి, పక్కింటివీ అయిపోయాయి. ఈ వ్యాఖ్య చదివినవాళ్లు తమ ఇంటి పాత పేపర్లు తూకానికి వెయ్యకుండా మా వాచ్‌మన్‌కు ఇచ్చి పుణ్యం కట్టుకోగలరు. ఆదివారం అనుబంధాలు వద్దు. నున్నటి కాగితం, సిరా జారిపోతుంది.