ముప్పయ్యో రోజున మూసేసిన చిట్టా

మహారాజశ్రీ చిత్రగుప్తుల వారి సముఖానికి, పల్నాడు జిల్లా పెదకూరపాడు నుంచి విన్నపం.

అయ్యా,

మా సినిమాల్లో తమరి చిట్టా తారుమారు కావడం మాకు అలవాటే. ఇప్పుడు చెప్పబోయే పొరపాటు మాత్రం సినిమావాళ్లకు కూడా తట్టలేదు. మా కేంద్ర రవాణా శాఖ లెక్కలో, ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ప్రాణం పోతేనే అది రోడ్డు మరణం. 2022లో అలా దేశమంతటా 1,68,491 మంది పోయారు. హెల్మెట్ పెట్టుకోక పోయినవాళ్లే 50,029 మంది. ఆ ఏడాది దెబ్బలతో బయటపడ్డవాళ్లు 4,43,366 మంది. ముప్పై ఒకటో రోజుకు వీళ్ల పద్దు మూతపడుతుంది. తమరి దగ్గరా అదే పద్ధతి నడుస్తోందని నా అనుమానం. తలకు తగిలిన దెబ్బ మాత్రం కొందరిలో ముప్పై ఏళ్లకు గానీ తన బాకీ అడగదు. నా ఫిర్యాదంతా ఆ ముప్పై రోజులకూ ఈ ముప్పై ఏళ్లకూ మధ్య గల్లంతైన కాగితం గురించే.

మిర్చి కోతల రోజుల్లో సత్తెనపల్లి వైపు ఒక్క పూట చూడండి. బండి ముందు మిర్చి టిక్కీ, వెనక ఇద్దరు, హెల్మెట్ అద్దానికి వేలాడుతుంటుంది. చలానా రాసేవాళ్లు కనబడితే అది నెత్తికెక్కుతుంది గానీ, గడ్డం కింద పట్టీ అప్పుడూ ఊగుతూనే ఉంటుంది. గేదె అడ్డొస్తుంది, బండి పడుతుంది. కుర్రాడు లేచి దుమ్ము దులుపుకుంటాడు, కళ్లు బైర్లు కమ్మాయంటాడు, ఒక నిమిషంపాటు తానెక్కడున్నాడో తెలియదు. ఎవరో సోడా తాగిస్తారు. “ఏం కాలేదు, బొప్పి కట్టిందంతే” అని తేల్చేస్తారు. గుంటూరు తీసుకెళ్లి స్కాన్ తీయించినా అందులో ఏమీ కనిపించకపోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. సీటీ స్కాన్‌కు విరిగిన ఎముకా గడ్డకట్టిన నెత్తురూ బాగా కనిపిస్తాయి. కానీ పుర్రెలో నీటి మీద తేలే మెదడు, తల ఠక్కున ఆగినా తాను ఆగకుండా మెలి తిరుగుతుంది. అప్పుడు నాడీకణాల పొడుగాటి తీగలు సాగుతాయి, కొన్ని చిట్లుతాయి. అంత సన్నటి గాయం ఆ స్కాన్‌కు చిక్కదు. ఆ తీగల్లో సరుకు మోసే పట్టాలుంటాయి, వాటిని బిగించి ఉంచేది టావు అనే ప్రోటీన్. మా స్టేషన్ దగ్గర పట్టాలు చెదిరితే గుంటూరు నుంచి వచ్చే సరుకంతా ఇవతలే పోగుపడినట్టు, తెగిన తీగలో కూడా పదార్థాలు పోగుపడతాయి. అల్జీమర్స్ మెదళ్లలో కనిపించే అమిలాయిడ్‌కు మూలమైన ప్రోటీన్ వాటిలో ఒకటి. ఊడిన టావు ముద్దలు కట్టగలదు. మెదడులోని కాపలా కణాలు రేపిన వాపు కొందరిలో ఏళ్ల తరబడి చల్లారదు.

ఇదంతా ఊహ కాదు. దెబ్బల మీద దెబ్బలు తిన్న బాక్సర్లకు మాట తడబడి, నడక తూలడాన్ని 1928లోనే అమెరికాలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు రాసిపెట్టారు. 2017లో బోస్టన్ పరిశోధకులు అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగులో ఆడిన 111 మంది మెదళ్లు పరీక్షిస్తే, 110 మెదళ్లలో టావు పేరుకునే జబ్బు కనిపించింది. అయితే ఈ అంకెను పట్టుకుని గంతులేయకూడదు. ముందే అనుమానమున్న కుటుంబాలే ఎక్కువగా ఆ మెదళ్లు దానం చేశాయి. పైగా బండి మీంచి ఒక్కసారి పడ్డ మనిషి, వేలసార్లు ఢీకొన్న ఆటగాడు కాడు. నన్ను ఒప్పించింది డెన్మార్క్ లెక్క. అక్కడ 28 లక్షల మంది ఆసుపత్రి రికార్డులు కలిపి చూసి 2018లో ప్రచురించారు. తలకు గాయమైనవాళ్లలో డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ముప్పు 24 శాతం ఎక్కువ. తేలిక దెబ్బలకూ పెరిగింది, దెబ్బలు ఎక్కువైనకొద్దీ ఇంకా పెరిగింది. మరి పల్నాడు లెక్క ఏదీ అంటారా? దెబ్బ తగిలిన రోజు కాగితమూ, మతి తప్పిన రోజు కాగితమూ ఒకదాన్నొకటి కలిసే దారి ఇక్కడ లేదు.

బొప్పి కట్టిన ప్రతివాడికీ మతి పోతోందా అని తమరి గుమాస్తాలు అడగవచ్చు. పోవడం లేదు. ఎక్కువమందికి ఏమీ కాదు. 24 శాతం అంటే ఉన్న ముప్పు మీద దాదాపు నాలుగో వంతు అదనం, అంతే. కానీ లక్షల మంది పడే దేశంలో ఆ నాలుగో వంతు చిన్నదేం కాదు. అసలు చాదస్తం మొదలైనందువల్లే తూలి పడ్డారేమో, మీరు ఫలితాన్ని కారణమంటున్నారేమో అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. ముసలివాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే కావచ్చు. డెన్మార్క్‌లోనూ దెబ్బ తగిలిన మొదటి నెలల్లోనే ముప్పు బాగా ఎక్కువగా కనిపించింది. కానీ ఇరవైల్లో దెబ్బ తిన్నవాళ్లలో దశాబ్దాల తర్వాత కూడా ముప్పు ఎక్కువే తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాడు చాదస్తంతో పడ్డాడని తమరు కూడా రాయలేరు. ఇక అంతా నుదుటి రాత అంటారా, దెబ్బ తగిలేదీ ఆ నుదుటికే కదా స్వామీ!

లెక్క రాస్తే ఒరిగేదేమిటి, మందు లేదు కదా అంటే ఒక్క మాట. మా కుర్రాళ్లకు చావంటే పెద్ద భయం లేదు, “పోతే ఒక్కసారే పోతాం” అంటారు. హెల్మెట్‌ను వాళ్లు తూచేది చావుతోనూ, వెయ్యి రూపాయల చలానాతోనూ. యాభై ఐదో ఏట సొంత చేలో గట్టు ఆనవాలు పట్టలేక నిలబడటం ఆ తక్కెట్లో లేదు. ఎందుకంటే అది ఏ రిజిస్టర్లోనూ లేదు. హెల్మెట్ మెదడు మెలిని పూర్తిగా ఆపలేదు, నిజమే. పట్టీ బిగించిన ఐఎస్ఐ హెల్మెట్ దెబ్బ తీవ్రతను తగ్గించడం మాత్రం ఖాయం. తల గాయాన్ని మనం తప్పించుకోగల డిమెన్షియా కారణాల్లో ఒకటిగా లాన్సెట్ కమిషన్ 2020లోనే చేర్చింది.

కనుక కోరేది ఆ రెండు కాగితాల్లో ఒక్కో కాలమ్. దెబ్బ తగిలిన నాడు చీటీలో స్పృహ ఎంతసేపు తప్పిందో, జరిగింది గుర్తుందో లేదో రాయించండి. మతి తప్పి మనిషి పోయిన నాడు, ముందెప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా అని ఇంట్లోవాళ్లను అడిగించండి. తెలియదంటే ఆ గడి ఖాళీగానే వదిలేయండి. “ముసలితనం” అని మాత్రం నింపొద్దు. ఇక్కడి ఆఫీసుల్లోనే అడగొచ్చు గానీ, ఒక కాలమ్ పెంచడానికి ముందొక కమిటీ వేస్తారు. తమరికైతే కలం చేతిలోనే ఉంది.

ఇట్లు,
తమరి పద్దులో ఇంకా పేరెక్కని విధేయుడు,
పెదకూరపాడు