పండ్ల డాక్టర్ చీటీ: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ పేరిట వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది ఎక్కడో కాశీ కాదు, మన మెతుకుసీమలోని కొలిచెలమ. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. మూలమూ కాళిదాసుది కాదు. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో జ్ఞానదంతం పీకించుకుని బయటికి వచ్చినవాడి చేతిలో మందుల కవరుతో పాటు పెట్టే అరపేజీ చీటీ. కర్త సంతకం ఉంటుంది గాని, దాన్ని చదవగలిగినవాడు మందుల దుకాణమాయన ఒక్కడే. సూత్రాలు అయిదు. చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నవారు నాలుగోనాడు మళ్లీ అదే కుర్చీలో తేలుతున్నారు గనుక ఈ టీక పుట్టింది.

విషయ ప్రాచీనత

జ్ఞానదంతం సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల నడుమ మొలుస్తుంది. అప్పటికి దవడలో జాగా మిగలకపోతే అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతుంది. తీవ్రమైన నొప్పితో పుట్టే అదనపు పన్నును సుశ్రుతుడు ‘వర్ధనం’ అన్నాడు. అది ఇదేనని పండితులు కొందరి అభిప్రాయం. ఆ పన్నును పెకిలించి, ఆ చోట నిప్పుతో కాల్చమని ఆయన చికిత్స చెప్పాడు. ఇప్పటివారు ఐసుముక్క పెట్టుకొమ్మంటున్నారు. శాస్త్రం చల్లబడిందని గ్రహించాలి.

సూత్రం 1: దూదిని ఒక గంట గట్టిగా కరిచి పట్టవలెను.

ప్రతిపదార్థం: దూదిని = మడత పెట్టిన శుభ్రమైన మెత్తను; ఒక గంట = పూర్తి గంటసేపు, అనగా రెండు సీరియళ్లు; గట్టిగా = నోరు మెదపక; కరిచి పట్టవలెను = పై దవడను కింది దవడకు నొక్కి ఉంచవలెను.

టీక: ‘గట్టిగా’ అంటే నోరు మెదపకపోవడమని అర్థం ఎట్లా వచ్చింది? నోరు తెరిస్తే దూది జారుతుంది, జారితే ఒత్తిడి పోతుంది, ఒత్తిడి పోతే నెత్తురు ఆగదు. ఆగిన నెత్తురే పన్ను ఊడిన గుంతలో గడ్డ కడుతుంది. ఈ చీటీకి నాయకుడు ఆ గడ్డే. సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవారికి ఈ మౌనం కొత్త కాదు. ఆ చప్పుడులో పోగు తెగిందని వేలితో చూపిస్తారు, చాయ్ కావాలంటే బొటనవేలు పెదవుల దగ్గర పెడతారు. కష్టమంతా ఫోనుతోనే. దుబాయి నుంచి అన్న వీడియో కాల్ చేసి, “ఎట్లున్నవ్ తమ్మీ? మాట్లాడవేందిరా?” అంటాడు. తల ఊపవలెను, దూది వదలరాదు.

సూత్రం 2: ఒక దినము ఉమ్మరాదు, పుక్కిలించరాదు, స్ట్రాతో పీల్చరాదు.

పూర్వపక్షం: “నోట్ల నెత్తురు పెట్టుకొని ఎట్లుంటవ్ బిడ్డా? ఉప్పునీళ్లు పోసి గట్టిగ పుక్కిలించి ఊంచెయ్” అని పెద్దమ్మ వాదం. దీనికి ఇరుగుపొరుగు ప్రమాణం.

సిద్ధాంతం: పెద్దమ్మ చెప్పిన మందు సరైనదే, ముహూర్తం తప్పు. ఒక రోజు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో మెల్లగా అటూ ఇటూ తిప్పి, తల వంచి, వాటంతటవే జారిపోనివ్వాలి. మొదటి రోజే ఉమ్మినా పీల్చినా ఆ లాగుడుకు గడ్డ ఊడివస్తుంది. ఊడితే లోపలి ఎముకకు కప్పు పోతుంది. అప్పుడు మూడో నాలుగో రోజున దవడలో మొదలైన సలుపు చెవిదాకా పాకుతుంది. ఈ అవస్థను 1896లో క్రాఫర్డ్ అనే వైద్యుడు ‘డ్రై సాకెట్’ అన్నాడు. ఇది కింది దవడలోనే ఎక్కువ. రోజురోజుకూ నొప్పి తగ్గుతుంటే దారిలో ఉన్నట్టు. తగ్గిన నొప్పి మళ్లీ ఎగిసిందా, చుట్టాల వైద్యం మాని డాక్టర్ దగ్గరికి నడవవలెను.

అవాంతర పూర్వపక్షం: “పైపన్ను పీకితే కండ్లు పోతయ్” అని మేనమామ. ఉత్తరం: పండ్లకు స్పర్శనిచ్చేది తలలోని అయిదో నాడి, చూపునిచ్చేది రెండో నాడి. వీటి మధ్య చుట్టరికం లేదు. మేనమామ చూపు వయసు వల్ల తగ్గింది.

సూత్రం 3: బయట ఐసు, లోపల చల్లనివి మెత్తనివి, గట్టివి కూడవు.

టీక: మొదటి రోజు ఐసును గుడ్డలో చుట్టి చెంప మీద పావుగంట పెట్టి, కాసేపు తీసి, మళ్లీ పెట్టాలి. అయినా రెండు మూడు రోజులకు వాపు పూర్తిగా పొంగుతుంది. అది చూసి జడిసి, డాక్టర్ ఏదో చెడగొట్టాడనుకోవద్దు. ఆ తర్వాత దిగుతుంది. అంతదాకా మొక్కుకోదలచినవారికి కొండగట్టు అంజన్న జగిత్యాల పక్కనే ఉన్నాడు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బ దవడకే తిన్నవాడు గనుక సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

‘మెత్తనివి’ అంటే జావ, చల్లారిన పప్పుచారు, పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన జగిత్యాల సన్నాల అన్నాన్ని పెరుగుతో గుజ్జుగా పిసికినది. ఐస్‌క్రీమ్ చెంచాతో అయితే విధి, పీల్చేది అయితే నిషేధం. ‘గట్టివి’ అనే పదానికి ఈ సీమలో ఒకటే ముఖ్యార్థం: సకినం. బియ్యప్పిండిలో నువ్వులు, ఓమ కలిపి, గుడ్డ మీద చుట్టు వెంట చుట్టు తిప్పి, ఆరనిచ్చి నూనెలో వేస్తారు. కరకరలాడకపోతే అది సకినమే కాదు. దాన్ని రెండో పక్కతో నమిలినా, రాలిన నువ్వుగింజ ఒకటి నాలుక మీదుగా ప్రయాణం చేసి నేరుగా కుట్ల పక్కన దిగుతుంది. నాలుక కొనకు తగులుతూనే ఉంటుంది, రాదు. అద్దం ముందు నోరు చాపి, ఫోను లైటు వేసి, అగ్గిపుల్ల పట్టుకున్నవాడికి ఈ టీక చెప్పేది ఒకటే: పుల్ల కింద పెట్టు. కాబట్టి సకినాలు చేసుకునే సంక్రాంతికి ముందువారం పన్ను తీయించుకోవడం శాస్త్రసమ్మతం గాని, బుద్ధిసమ్మతం కాదు.

సూత్రం 4: పొగ, మద్యము నిషేధము.

పూర్వపక్షం: “ఒక్క దమ్ము గుంజు బావా, నొప్పి గాయబ్.” తునికాకు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లున్న కోరుట్ల, జగిత్యాల వాడల్లో బీడీకి అడ్డు చెప్పడం తేలిక కాదు.

సిద్ధాంతం: చుట్టడానికి నిషేధం లేదు, గుంజడానికే. దమ్ము లాగడంలో రెండు దోషాలు. లాగుడు గడ్డను కదిలిస్తుంది, నికోటిన్ నెత్తురు నాళాలను ముడిచి గాయం మానకుండా చేస్తుంది. ఇక “కల్లు మద్యమెట్లయితది, చెట్టు నీళ్లే కదా” అనే వాదం. పులిసిన నీళ్లను చెట్టు నీళ్లనడం చెల్లదు. పైగా మందుల్లో మెట్రోనిడజోల్ ఉంటే, దానితో పాటు మద్యం ముట్టొద్దని వైద్యులు గట్టిగా చెబుతారు. వాంతులయ్యే ప్రమాదం ఉంది, కుట్లున్న నోటితో వాంతి ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు.

సూత్రం 5: మందులు పూర్తిగా వాడి, వారమునకు కుట్లు తీయించుకొనవలెను.

టీక: కరిగే దారమైతే రెండో సగం వర్తించదు. ‘పూర్తిగా’ అంటే నొప్పి పోయేదాకా కాదు, డాక్టర్ రాసిన రోజులు అయ్యేదాకా. ఈ సూత్రానికి గల్ఫ్ నుంచి చుట్టీ మీద వచ్చినవారు ప్రత్యేక అధికారులు. అక్కడి ఖర్చుకు జంకి, ఏళ్లకేళ్లు లవంగం నొక్కుకుని, నొప్పిని ఇంటిదాకా మోసుకొస్తారు. వచ్చాక చెల్లె పెండ్లి, పొలం రిజిస్ట్రేషన్, వేములవాడ కోడె మొక్కు అన్నీ తీర్చి, ఆఖరి వారం పన్ను గుర్తు చేసుకుంటారు. అప్పుడు వాపు, కుట్లు, విమానం టికెట్ ఒకే తేదీ మీద పడతాయి. అందుచేత వ్యాఖ్యాత విధించే క్రమం: ముందు పన్ను, తర్వాత విందు.

తాత్పర్యం

అయిదు సూత్రాలకూ ఏకవాక్యత ఉంది. దూది గడ్డను కట్టిస్తుంది. ఉమ్మొద్దు, పీల్చొద్దు, పొగ తాగొద్దు అనేవి దాన్ని కదలనివ్వవు. మెత్తని తిండి గుచ్చుకోకుండా చూస్తుంది. మందు దాన్ని కుళ్లనివ్వదు. రోగి చేయవలసిన పని బహు తక్కువ, మానుకోవలసిన పనులే ఎక్కువ. చుట్టాలకు మింగుడుపడనిది ఇదే. పలకరించడానికి వచ్చినవారు ఏదో ఒకటి చేయించకుండా, ఏదో ఒకటి తినిపించకుండా లేవరు. వారిని వారించడం కూడా చికిత్సలో భాగమేనని చీటీ రాసినాయన భావం. నోరు వాచినవాడు ఎట్లా వారిస్తాడని అడిగితే, చీటీ తీసి చూపించవలెను. అందుకే అది కాగితం మీద ఉంది.

ఫలశ్రుతి

ధర్మపురికి పోయినవారికి యమపురి ఉండదని ఈ ప్రాంతపు నమ్మకం. అట్లాగే ఈ చీటీని శ్రద్ధగా పాటించినవారికి అదే పన్ను కోసం రెండోసారి డాక్టర్ కుర్చీ ఎక్కే పని సాధారణంగా పడదు. మిగిలిన మూడు జ్ఞానదంతాల సంగతి ఈ ఫలశ్రుతి పరిధిలోకి రాదు.