మంచి ఫోటో

జర్మనీలో ఉంటున్న మా మేనల్లుడికి పాతకోటలంటే పిచ్చి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దామంటే గండికోటకు బయల్దేరాం, తాడిపత్రి మీదుగా. కొండాపురం దాటినాక రోడ్డు పక్కన కనుచూపుమేరా నీళ్లు. మా సీమలో అన్ని నీళ్లు ఒక్కచోట కనబడితే ఎవరి కాలైనా ఆగుతుంది. గండికోట జలాశయం, 26.85 టీఎంసీలు అని నేనేదో బిందెతో మోసి నింపినట్టు చెప్పాను. నీళ్ల నడుమ రెండుగా చీలిన ఎండుకొమ్మ, దాని మీద నీటికాకి. పక్కనున్న సిమెంటు ట్యాంకు పడకుండా వాడు అటు జరిగి, ఇటు వంగి ఫోటో తీశాడు. అయినా ఒక మూల పడనే పడింది.

ఎర్రమల కొండను కోసుకుంటూ పెన్న పారే లోయ చూసి కాసేపు నోట మాట రాలేదు వాడికి. ఆ తర్వాత ఆగలేదు. పెమ్మసాని నాయకుల ఏలుబడి, మీర్ జుమ్లా కోటను పట్టుకోవడం, అతణ్ని కలవడానికి 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇంతదూరం రావడం, అంతా చదువుకునే వచ్చాడు. గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి మాత్రం మండిపడ్డాడు.

"రోథెన్‌బుర్గ్ అని చిన్న ఊరు మామా. 1945 మార్చి 31న బాంబులు పడి కోటగోడ కూలిపోతే, చందాలు పోగేసి మళ్లీ కట్టుకున్నారు. ఇచ్చినవాళ్ల పేర్లు ఆ గోడకే చెక్కించారు."

అక్కడ పేరెక్కాలంటే డబ్బు కట్టాలి. మన దగ్గర మేకు చాలు.

కోటవాకిలి దగ్గర ఒక అవ్వ సీతాఫలాలు అమ్ముతోంది. "ఇంత పెద్ద ఊరిని ఎట్లా పాడుపెట్టుకున్నారవ్వా మీవాళ్లు?" అన్నాడు వీడు.

"నాది ఈ ఊరు గాదు నాయనా" అందామె, కాయలు ఏరుతూ.

వీడు వింటేగా! ఊరిని కాపాడుకోవడమంటే ఏమిటో చూపిస్తానని ఫోను తీశాడు. రోథెన్‌బుర్గ్ కోసం ఒక్కో ఫోటో వేలితో నెట్టుకుంటూ వెనక్కి పోతున్నాడు. మసీదు, మాధవరాయస్వామి గోపురం, లోయ. నీటికాకి వచ్చేసరికి అవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. ఫోను దూరంగా పెట్టించి, కళ్లు చికిలించి చూసింది.

"బాగుందా అవ్వా? నేనే తీశా."

"మా ఊరి ట్యాంకి గదా ఇది" అంది, మూల మీద వేలుపెట్టి. వేలు మెల్లగా కొమ్మ మీదికి జరిగింది. "మా వాకిట్లో యాపమాను. నీళ్లొచ్చిన యేడు కొట్టబుద్ధిగాక ఇడ్సిపెట్టి వచ్చినాం."

వాడు ఫోను వెనక్కి తీసుకోలేకపోయాడు.

అవ్వ కాయలు సంచిలో వేసి ఇస్తూ అడిగింది: "పక్షి గూడు పెట్టిండాదా నాయనా?"